టెలివిజన్ బ్యాండ్ రెండు ఆల్బమ్‌లకే ఎందుకు విడిపోయింది?

పాతక్యాసెట్: న్యూయార్క్ గిటార్ బ్యాండ్ టెలివిజన్ మొదలైంది 1973లో. 1977లో ‘మార్క్వీ మూన్’, 1978లో ‘అడ్వెంచర్’, అదే ఏడాది దుకాణం కట్టేశారు. అమ్మకాల్లేకే అంటాను నేను. మొదటిది బ్రిటన్‌లో 28వ స్థానం దాకా వెళ్ళింది, అమెరికాలో బిల్‌బోర్డ్ 200 ఆల్బమ్‌ల పట్టికలోకి ఎక్కనే లేదు.

మూడోతీగ: ‘అడ్వెంచర్’ బ్రిటన్‌లో 7 దాకా వెళ్ళిందిగా! అమ్మకాలు కాదండీ, పాడుతూ గిటార్ వాయించే టామ్ వెర్లేన్. తన పాటలు పక్కకి పోతున్నాయనే 1975లో బాస్ వాయించే రిచర్డ్ హెల్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండో గిటారిస్ట్ రిచర్డ్ లాయిడ్‌కి దక్కిందెంత?

రాత్రిరేడియో: ‘మార్క్వీ మూన్’ అని పది నిమిషాల పాట చేస్తే రేడియోలో ఎవడు వేస్తాడు?

పాతక్యాసెట్: పది కాదు. ఎల్‌పీలో 9:58కి శబ్దం తగ్గిస్తూ ఆపేశారు. 2003 సీడీలో మొత్తం 10:40 ఉంది.

రాత్రిరేడియో: రెండు సెకన్లు తప్పు చెప్పాను, క్షమించండి.

మూడోతీగ: అసలు సంగతి వదిలేసి గడియారం పట్టుకున్నారు. మొదటి ఆల్బమ్ ఎనిమిది పాటల్లో రాసినవాళ్ళుగా లాయిడ్ పేరు కలిసింది ‘గైడింగ్ లైట్’ ఒక్కదానికే. మిగతా ఏడూ వెర్లేన్ ఖాతాలోకే.

పాతక్యాసెట్: ఏ సోలో ఎవరు వాయించారో పాటపాటకీ అట్ట మీదే వేశారు. ఇంకేం కావాలి?

మూడోతీగ: వాయించినవాడి పేరు వేరు, కట్టినవాడి పేరు వేరు. హెడ్‌ఫోన్‌లో ఒక చెవి తీసేసి ‘మార్క్వీ మూన్’ మొదలు వినండి. ఒక గిటార్ గంట కొట్టినట్టు కొడుతుంటే రెండోది సన్నగా జవాబిస్తుంది. ఒక్కదాన్నే వింటే అది పాటే కాదు. మా వరంగల్ కాలేజీ బ్యాండ్‌లో ఒక పాట ఎత్తుగడంతా నాది. క్యాసెట్ మీద పాడినవాడి పేరే వేశారు. నాది కింద ‘సహకారం’లో, అదీ తప్పు స్పెల్లింగ్‌తో.

పాతక్యాసెట్: మీ హాస్టల్ గొడవకీ న్యూయార్క్‌కీ ముడేంటండీ?

మూడోతీగ: మీకు అర్థం కాదులెండి. ఎప్పుడైనా నలుగురితో కలిసి ఏదైనా చేసుంటే కదా.

పాతక్యాసెట్: చేశాను. పాటలు రాసింది నేనే. మిగతా ముగ్గురూ టీకి పోతే రాత్రి రెండింటిదాకా పల్లవి సరిచేస్తూ కూర్చున్నవాణ్ణి. పొద్దున్నే వచ్చి నాలుగు తీగలు మీటి ‘మన పాట’ అనేవాళ్ళు. ఎవరి పాట?

మూడోతీగ: అదీ సంగతి! గంట నుంచీ మీరు వెనకేసుకొచ్చేది వెర్లేన్‌ని కాదన్నమాట.

పాతక్యాసెట్: మీరు మాత్రం లాయిడ్ కోసమే ఏడుస్తున్నారా?

రాత్రిరేడియో: వాళ్ళు 1992లో మళ్ళీ కలిసి మూడో ఆల్బమ్ చేశారు. మీరిద్దరూ కలిసేలా లేరు.

కొత్తవాణ్ణి: నేను ఈ బ్యాండ్‌ని ఇప్పటిదాకా వినలేదు. దేంతో మొదలుపెట్టాలి?

పాతక్యాసెట్: ‘ఫ్రిక్షన్’.

మూడోతీగ: ‘గైడింగ్ లైట్’.