అప్‌డేట్: బాప్తిస్మమా, జ్ఞానస్నానమా?

మొన్న నేను అడిగింది ఇదీ: మా అక్క వాళ్ళ పాపకి చర్చిలో జరిగే వేడుకకి కార్డు రాస్తున్నాను, అందులో 'బాప్తిస్మం' అనాలా, 'జ్ఞానస్నానం' అనాలా, అసలు రెండూ ఒకటేనా అని. ఓపిగ్గా జవాబులు రాసిన అందరికీ థాంక్స్.

రెండూ ఒకే సంస్కారం పేర్లే. కథోలికులు ఎక్కువగా జ్ఞానస్నానం అంటారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో వినిపించేది బాప్తిస్మం. బావగారిది కథోలిక కుటుంబం కాబట్టి జ్ఞానస్నానం అనే రాశాను. టెన్షన్ తీరింది.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. బాప్తిస్మం గ్రీకు నుంచి వచ్చింది. దాని మూలం 'బాప్తిజో', అంటే ముంచడం. దానికి మాతృక అయిన 'బాప్తో'ను బట్టని రంగులో ముంచడానికి కూడా వాడేవారు. మార్కు సువార్త 7:4 గ్రీకు మూలంలో గిన్నెలు, కుండలు కడగడానికీ ఇదే మాట! అదే లూకా 12:50కి వస్తే, యేసు తాను పడబోయే శ్రమల్నే బాప్తిస్మం అన్నారు. వంటింటి గిన్నెల దగ్గర నుంచి సిలువ దాకా ఒకే మాట. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇంకొకటి, నేను మొదట 'పాపకి జ్ఞానస్నానం చేస్తున్నాం' అని రాశాను. ఇచ్చేది గురువు (చర్చి ఫాదర్), పొందేది పాప అని ఒకరు గుర్తుచేశారు. ఇప్పుడు కార్డు మీద 'మా పాప జ్ఞానస్నానం పొందబోతోంది' అని ఉంది. అక్క రెండుసార్లు చదువుకుని సరే అంది.