ట్రెయినీ రాసిన సైకాలజీ రిపోర్ట్ కోర్టుకి వెళ్లొచ్చా?

రెండో_సంవత్సరం:
ఫోరెన్సిక్ సైకాలజీ (కోర్టు కేసుల కోసం మనుషుల మానసిక స్థితిని అంచనా వేసే చదువు), లా కలిపి చదివేవాళ్ల ట్రెయినింగ్‌లో కొన్నిచోట్ల ఒక పద్ధతి నడుస్తోంది. నిందితుడితో గంటల తరబడి కూర్చుని మాట్లాడేది స్టూడెంట్, టెస్టులు పెట్టేది స్టూడెంట్, డ్రాఫ్ట్ రాసేదీ స్టూడెంటే. సూపర్‌వైజర్ నాలుగు మాటలు దిద్ది సంతకం పెడితే అది కోర్టుకి వెళ్లిపోతుంది, లోపల స్టూడెంట్ ఊసే ఉండదు. ఇది పూర్తిగా ఆపాలి అంటాన్నేను. బెయిల్ వస్తుందా, పెరోల్ వస్తుందా, శిక్ష ఎన్నేళ్లు అన్నది ఆ కాగితం మీద ఆధారపడొచ్చు, అలాంటిదాన్ని నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఎలా పెడతాం?

ఫీల్డ్‌వర్క్_ముఖ్యం:
ఒడ్డున కూర్చుంటే ఈత రాదండి. క్లాసులో తోటి స్టూడెంట్ నిందితుడిలా నటిస్తే మనం ప్రశ్నలు అడగటం వేరు, ఏళ్ల శిక్ష నెత్తిమీద వేలాడుతున్న మనిషి ఎదురుగా కూర్చోవడం వేరు. టీచింగ్ హాస్పిటల్స్‌లో హౌస్ సర్జన్లు రోగుల మీదే కదా నేర్చుకునేది, సీనియర్ పక్కనుంటారు, అంతే. ఇదీ అలాంటిదే. రేపు వీళ్లని నేరుగా బోనెక్కిస్తే అప్పుడు మరీ ఘోరం.

మనోలా:
హాస్పిటల్‌తో పోలిక ఇక్కడ కుదరదు ఫీల్డ్‌వర్క్ గారూ. రోగికి డాక్టర్ ఎవరైనా సరే తన మంచికోసమే చూస్తాడు. ఇక్కడ ఎదుటి మనిషి చెప్పింది అతనికే ఎదురు తిరగొచ్చు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఎస్టెల్ వర్సెస్ స్మిత్ అని ఒక కేసు తేల్చింది చూడండి. విచారణ ఎదుర్కొనే మానసిక స్థితిలో ఉన్నాడా లేడా అన్నంతవరకే తేల్చమని ఒక సైకియాట్రిస్ట్‌ని జైలుకి పంపారు, గంటన్నర మాట్లాడాడు, తీరా శిక్ష వేసే దగ్గర అదే డాక్టర్ వచ్చి ఈ మనిషి మళ్లీ హింసకి దిగుతాడు అని సాక్ష్యం చెప్పాడు, మరణశిక్ష పడింది. నువ్వు చెప్పేది నీమీదే వాడొచ్చు అని ముందు ఎవరూ అతనికి చెప్పలేదు. సుప్రీంకోర్టు ఆ మరణశిక్షని కొట్టేసింది. పేరున్న డాక్టర్ దగ్గరే ఇలా జరిగితే ట్రెయినీ సంగతి ఆలోచించండి.

ట్రెయినీలకి ఆ హెచ్చరిక బట్టీ వస్తుంది, మొదట్లోనే గడగడా చెప్పేస్తారు, కానీ తర్వాత ఏం చేస్తారంటే కౌన్సెలింగ్ క్లాసులో నేర్పిన అలవాటుతో తల ఊపుతారు, గొంతు తగ్గిస్తారు, "మీరెంత బాధపడి ఉంటారో అర్థమవుతోంది" అంటారు. అవతలి మనిషికి ఇది చాలాకాలంగా దొరకని ఓదార్పు. అరగంటకల్లా హెచ్చరిక మర్చిపోయి లాయర్‌కి కూడా చెప్పనివి చెప్పేస్తాడు. అందుకే మధ్యలో ఇంకోసారి చెప్పాలి, మాట ప్రవాహం ఆగిపోయినా సరే ఆపి చెప్పాలి. ఇది నేర్పే చోట్లు తక్కువ.

పాత_వకీలు:
నేను క్రాస్ ఎగ్జామినేషన్ చేసే వైపు నుంచి చెప్తాను. రిపోర్ట్ మీద సంతకం సూపర్‌వైజర్‌ది. బోనులోకి వచ్చేది ఆయనే. నేను అడిగేది మూడే ముక్కలు. నిందితుడితో మీరు ఎంతసేపు కూర్చున్నారు? ఈ స్కోర్ మీరు వేశారా ఇంకెవరైనా వేశారా? ఆ ఇంకెవరో ఇవాళ కోర్టులో ఉన్నారా? అంతే, నీళ్లు నమలడం మొదలు. కాబట్టి ట్రెయినీ పని చేయొచ్చా లేదా అన్నదానికంటే ట్రెయినీ పని చేశాడన్న సంగతి దాచొచ్చా అన్నది నాకు పెద్ద ప్రశ్న. దాచిన రిపోర్ట్‌ని జడ్జి ఎలా నమ్మాలి చెప్పండి.

స్కోర్‌షీట్:
వకీలు గారు అన్న "స్కోర్" అనే మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది అదేదో షుగర్ రీడింగ్‌లా వస్తుందనుకుంటారు. సైకోపతీ, అంటే జాలి, పశ్చాత్తాపం లేని స్వభావం, కొలవడానికి ఎక్కువగా వాడే హేర్ చెక్‌లిస్ట్, పీసీఎల్-ఆర్, తీసుకోండి. 20 అంశాలు, ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు, మొత్తం 40. అందులో ఒక అంశం పశ్చాత్తాపం లేకపోవడం. మీ ఎదురుగా ఉన్నతను బాధితుడి పేరెత్తగానే గోడవైపు చూస్తూ ఏం మాట్లాడకుండా కూర్చున్నాడు. అది పశ్చాత్తాపం లేకపోవడమా? అప్పీల్ పెండింగ్‌లో ఉంది నోరు విప్పొద్దు అని లాయర్ చెప్పాడేమో? సిగ్గేమో? రెండు వేయాలా సున్నా వేయాలా? ఫైలంతా చదివి, పాత రికార్డులతో సరిపోల్చి, అప్పుడు గానీ అంకె వేయకూడదు. అలాంటివి ఐదారు అంశాలుంటే మొత్తం స్కోర్ ఎటునుంచి ఎటు పోతుందో చూడండి.

సీనియర్లు మాత్రం తప్పు చెయ్యరనుకోవద్దు. 2013లో డేనియల్ మరీ, మార్కస్ బొకాచినీ అనే పరిశోధకుల టీమ్ ఒక ప్రయోగం అచ్చువేసింది. వందమందికి పైగా అనుభవమున్న ఫోరెన్సిక్ ఎక్స్‌పర్టులకి డబ్బులిచ్చి అవే కేసు ఫైళ్లు ఇచ్చారు, సగంమందికి మీరు ప్రాసిక్యూషన్ తరఫున అని, సగంమందికి డిఫెన్స్ తరఫున అని నమ్మించారు. ప్రాసిక్యూషన్ తరఫున అనుకున్నవాళ్లు మొత్తంమీద ఎక్కువ ప్రమాదకరం అనే వైపు స్కోర్లు వేశారు, డిఫెన్స్ వాళ్లు తక్కువ వైపు. ఫైల్ అదే, చెక్‌లిస్ట్ అదే.

ఫీల్డ్‌వర్క్_ముఖ్యం:
చూశారా, ఇది నా వాదనకే బలం. ట్రెయినీకి ఏ పక్షం నుంచీ ఫీజు రాదు, మళ్లీ పిలుస్తారన్న ఆశ లేదు. కాబట్టి ట్రెయినీ స్కోరే నిష్పక్షపాతంగా ఉండే అవకాశం ఉంది కదా.

మనోలా:
ఫీజు రాకపోవచ్చు, మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయండి? సూపర్‌వైజర్ కారు దిగుతూనే "ఇతను క్లాసిక్ కేసు" అన్నారంటే ఆ ట్రెయినీ తక్కువ స్కోర్ వేయడానికి ఎంత గుండెధైర్యం కావాలి. పక్షపాతం పోలేదు, ఒక మెట్టు కిందికి దిగింది అంతే.

స్కోర్‌షీట్:
అందుకే నేనడిగేది ఇదీ. ఇద్దరూ ఒకే ఇంటర్వ్యూలో కూర్చోవాలి, ట్రెయినీ ముందు తన స్కోర్ వేసి కవర్‌లో పెట్టేయాలి, సూపర్‌వైజర్ విడిగా వేయాలి, తర్వాత తెరిచి ఎక్కడెక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి. కోర్టుకి సూపర్‌వైజర్ స్కోరే వెళ్తుంది. ట్రెయినీ నేర్చుకుంటాడు, నిందితుడు నష్టపోడు, పైగా ఆ తేడాల రికార్డే మంచి రీసెర్చ్ డేటా.

రెండో_సంవత్సరం:
రీసెర్చ్ అన్నారు కాబట్టి ఇంకోటి. అదే ఇంటర్వ్యూని థీసిస్‌కి వాడుకోవడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు. మనుషుల మీద చేసే రీసెర్చ్‌లో నైతికత గురించి 1979లో అమెరికాలో వచ్చిన బెల్మాంట్ రిపోర్ట్ ఖైదీల గురించి ఈ మాటే చెప్పింది, మామూలుగా వాళ్లు ఒప్పుకోని రీసెర్చ్‌కి కూడా జైలు పరిస్థితుల్లో సూక్ష్మంగా బలవంతపడొచ్చని. పెరోల్ అసెస్‌మెంట్‌కి వచ్చిన మనిషే ఇంకో ఫారం ముందు పెట్టి ఇక్కడ సంతకం పెట్టండి, ఇది వేరే, మీ ఇష్టం అంటే, ఏ ఖైదీ కాదంటాడు? కాదంటే సహకరించలేదు అని రాస్తారేమోనన్న భయం ఉండదా? అసెస్‌మెంట్ చేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు, వేరే రోజు, జైలు సిబ్బంది పక్కన లేనప్పుడు అడగాలి.

కవర్ పద్ధతి నాకు సగం నచ్చింది. ట్రెయినీ ఒంటరిగా ఇంటర్వ్యూ చేయనంతవరకూ, రిపోర్ట్ మొదటి పేజీలోనే ఎవరు ఎంతసేపు కూర్చున్నారు, ఏ టెస్ట్ ఎవరు పెట్టారు అని రాసినంతవరకూ, నిందితుడి లాయర్‌కి ముందే తెలిసి ఒప్పుకున్నంతవరకూ ఓకే. కానీ మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో అదీ వద్దు. 1983లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన బేర్‌ఫుట్ అనే ఖైదీ కేసులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషనే కోర్టుకి రాసిచ్చింది, దీర్ఘకాలంలో హింసకి దిగుతాడని డాక్టర్లు చెప్పే జోస్యాల్లో మూడింట రెండు తప్పే అని. అయినా కోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతించింది, మరుసటి ఏడాది ఆయన్ని ఉరి... సారీ, ఇంజెక్షన్‌తో మరణశిక్ష అమలు చేశారు. అలాంటిచోట క్లాస్‌రూమ్ ఏంటండీ.

ఫీల్డ్‌వర్క్_ముఖ్యం:
మరణశిక్ష కేసుల వరకు ఒప్పుకుంటా. మిగతావాటిలో లాయర్ ఒప్పుకోవాలి అన్న షరతు పెడితే ఏ లాయరూ ఒప్పుకోడు, ట్రెయినింగ్ ఆగిపోతుంది.

పాత_వకీలు:
నేను ఒప్పుకుంటాను, ఇంటర్వ్యూ మొత్తం రికార్డ్ చేసి కాపీ నాకిస్తే. ఆ హెచ్చరిక మధ్యలో రెండోసారి చెప్పారో లేదో నేనే విని చూసుకుంటా.

మనోలా:
రికార్డింగ్ అవతలి పక్షం కూడా అడిగితే ఏం చేస్తారు సర్? అందులో కేసుకి సంబంధం లేని కుటుంబ విషయాలు బోలెడుంటాయి.

పాత_వకీలు:
ముందుగా జడ్జి ఒక్కరే విని, ఏ భాగం ఇవ్వాలో తేల్చమని అడుగుతా. ఆ అప్లికేషన్ రాయడం ఎలాగో లా వైపు స్టూడెంట్లు నేర్చుకోవాలి మరి, ఇంటర్వ్యూ మొదలవ్వకముందే.