మంచినీళ్ల ట్యాంకులో డీజిల్ పడింది: ఎన్నిసార్లు కడిగినా వాసన పోవట్లేదు

సాగరబోటు

అందరికీ నమస్తే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ ట్రాలర్. 8 మంది మనుషులు, ఒక్కో వేట 8 రోజులు. మంచినీళ్ల ట్యాంకు 1000 లీటర్లది, బోటుతో పాటే ఫైబర్‌లో కట్టేసినది, మధ్యలో ఒక అడ్డుగోడ ఉంది. చేపల వేట నిషేధం ముగిశాక వేటకు వెళ్దామని డీజిల్ పట్టిస్తుంటే కుర్రాడు గొట్టం నీళ్ల మూతలో పెట్టాడు. గమనించేసరికి 40 లీటర్ల దాకా పడింది. అప్పటికి ట్యాంకులో సగం నీళ్లున్నాయి.

ఇప్పటిదాకా చేసినవి: అడుగు వాల్వు తిప్పి నీళ్లన్నీ తీసేశాం. 2 కిలోల సర్ఫ్ కలిపి ట్యాంకు నింపి ఒక రాత్రి ఉంచి వదిలేశాం. తర్వాత బ్లీచింగ్ పౌడర్ వేశాం. మూడుసార్లు నింపి ఖాళీ చేశాం. వంటగది కుళాయి తిప్పితే ఇప్పటికీ డీజిల్ కంపే. వెనిగర్ పోస్తే పోతుందని ఒకాయన అంటున్నాడు. ఈ నెల 14తో నిషేధం అయిపోతుంది, చేతిలో 10 రోజులున్నాయి. ఏం చేయమంటారు?

ఫైబర్‌మేస్త్రి

ముందు ఒక మాట. బ్లీచింగ్ కలిసిన నీళ్లు ట్యాంకులోగానీ పైపుల్లోగానీ కొంచెం మిగిలి ఉన్నా సరే, వెనిగర్ పోయొద్దు. యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, మూసి ఉన్న చోట అది ప్రాణాంతకం. పైగా వెనిగర్‌కి జిడ్డు వదలదు.

మీ దగ్గర పొరపాటు మొదటి అడుగులోనే జరిగింది. డీజిల్ నీళ్ల కంటే తేలిక, పైన పొరలా తేలుతుంది. అడుగు వాల్వు తిప్పినప్పుడు నీటిమట్టంతో పాటు ఆ పొర కూడా గోడలకు రాసుకుంటూ కిందికి దిగింది, చివరికి నేల మీద పరుచుకుంది. నీళ్లు తీయకముందే మూత తెరిచి పైనున్న డీజిల్‌ని మగ్గుతో తోడి, మిగిలినదాన్ని నూనె పీల్చే పాలీప్రొపిలీన్ షీట్లతో అద్దుకుని ఉంటే పని సగం తగ్గేది. ఆ షీట్లు నూనెను పీలుస్తాయి, నీళ్లను పీల్చవు. ఇది చదివే వేరేవాళ్లకైనా పనికొస్తుందని చెబుతున్నాను.

రెండో సంగతి: నింపి వదిలేయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. జిడ్డు వదలాలంటే రుద్దాలి. అందులోనూ మీ ట్యాంకులో అడ్డుగోడ ఉంది. గోడ పైఅంచుకీ ట్యాంకు కప్పుకీ మధ్య మూలల్లో గాలి చిక్కుకుంటుంది, ట్యాంకు ఎంత నింపినా సబ్బునీళ్లు అక్కడికి చేరవు. డీజిల్ మాత్రం మొదటి రోజే, బోటు ఊగినప్పుడల్లా, అక్కడికి చేరిపోయింది. మీకు వచ్చే కంపులో ఎక్కువ భాగం ఆ మూలలదే అయి ఉంటుంది. అడ్డుగోడకి అవతలివైపు చెయ్యి వెళ్లే మూత లేకపోతే కొత్త మూత కోయించాల్సిందే, దాటవేయడానికి వీల్లేదు.

ఇలా చేయండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, మూతలన్నీ తీసి, బ్లోయర్ గొట్టాన్ని అడుగుదాకా దించి కనీసం రెండు గంటలు గాలి కొట్టండి. డీజిల్ ఆవిరి గాలికంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. తర్వాత పొడి బనియన్ వేస్ట్‌తో ముందు కప్పు, తర్వాత గోడలు, చివర నేల తుడవండి. కింద నుంచి మొదలుపెడితే పైనుంచి కారేది మళ్లీ పడుతుంది. గుడ్డకు జిడ్డు అంటడం ఆగేదాకా ఇదే పని. నీళ్లు తగలకముందు ఎంత తీస్తే అంత లాభం.

ఆ తర్వాత అంట్లు తోమే లిక్విడ్, నీళ్లు కలపకుండా, నైలాన్ స్క్రబ్బర్ మీద పోసుకుని రుద్దండి. వైరు బ్రష్ వాడితే జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నటి పైపొర) గీసుకుపోతుంది, ఆ గీతల్లోకి డీజిల్ దిగుతుంది. 15 నిమిషాలు నాననివ్వండి, ఎండిపోనివ్వొద్దు. 100 లీటర్ల వేడినీళ్లలో లీటరు లిక్విడ్, 2 కిలోల చాకలి సోడా కలిపి ఆ నీళ్లతో కడగండి. నీళ్ల వేడి 55 డిగ్రీల దగ్గర ఉండాలి, 60 దాటితే పీవీసీ పైపులు మెత్తబడతాయి. (అల్యూమినియం ట్యాంకు ఉన్నవాళ్లు చాకలి సోడా జోలికి పోవద్దు, లోహాన్ని తినేస్తుంది.) కడిగిన నీళ్లు అడుగున నిలవకముందే వెట్ వాక్యూమ్‌తో లాగేయండి. ఇలా మూడు విడతలు. సర్ఫ్ వాడితే నురగ కడగడానికే ఒక రోజు పోతుంది.

ప్రతి విడత తర్వాత చల్లటి మంచినీళ్లు గోడ మీద చల్లి చూడండి. నీళ్లు పల్చటి పొరలా గోడంతా పరుచుకుంటే శుభ్రం. చుక్కలు చుక్కలుగా విడిపోతే, చేత్తో తాకితే పొడిగా అనిపించినా సరే, జిడ్డు ఉన్నట్టే. ఫైబర్‌కి పెయింటు వేసే ముందు మేం చూసుకునేదీ ఇదే.

కడిగిన నీళ్లు బిల్జ్‌లోకి (బోటు అడుగున మురికినీళ్లు చేరే చోటు) వదలొద్దు. ఆటోమేటిక్ పంపు దాన్ని నేరుగా హార్బర్‌లోకి కొడుతుంది. సబ్బు కలిసిన డీజిల్ పైకి తేలదు కాబట్టి తర్వాత విడదీయడం కూడా కష్టం. డ్రమ్ముల్లో పట్టి, వాడేసిన ఆయిల్ తీసుకునే లైసెన్సు ఉన్నవాళ్లకి ఇచ్చేయండి.

ఇంజన్‌రూమ్

మేస్త్రి గారు చెప్పినదానికి రెండు కలుపుతాను.

లోపలికి తల, భుజాలు దూర్చే పని ఉంది కాబట్టి: ఒక్కడే ఎప్పుడూ చేయకూడదు, మూత దగ్గర రెండో మనిషి కదలకుండా ఉండాలి. 230 వోల్టుల బల్బు వైరు లాగి లోపల వేలాడదీయొద్దు. తడి ట్యాంకులో షాకు ఒక ప్రమాదం, నిప్పురవ్వ రెండోది. మన దగ్గర రోడ్డు డీజిల్ ఫ్లాష్ పాయింట్‌కి (ఏ వేడి దగ్గర దాని ఆవిరి నిప్పురవ్వకి అంటుకుంటుందో అది) ప్రమాణం కనీసం 35 డిగ్రీలు. జూన్ మధ్యాహ్నం డెక్కు కింద మూసి ఉన్న ట్యాంకు ఆ వేడిని సులువుగా దాటుతుంది. డీజిలే కదా, పెట్రోలు కాదుగా అనుకోవద్దు. ఫ్లేమ్‌ప్రూఫ్ టార్చి వాడండి, పని తెల్లవారుజామున పెట్టుకోండి. తలనొప్పి, వికారం మొదలైతే బయటికి వచ్చేయాలి. జిడ్డు వదలడానికి థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ లోపల రాయడం అసలే వద్దు.

రెండోది పైపులు. ట్యాంకు అద్దంలా చేసినా పాత గొట్టాలు ఉంచితే వాసన వస్తూనే ఉంటుంది. రబ్బరు, మెత్తటి పీవీసీ గొట్టాలు డీజిల్‌ని లోపలికి పీల్చుకుని వారాల తరబడి నీళ్లలోకి వదులుతాయి, కడిగితే పోదు. నీటిమట్టం చూసే పారదర్శక గొట్టాన్ని అందరూ మర్చిపోతారు, అదీ మార్చండి. పంపు డయాఫ్రమ్, వాల్వులు ఈపీడీఎం రబ్బరువైతే డీజిల్ తగిలి ఉబ్బుతాయి, పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ రాదు. రిపేర్ కిట్ తెచ్చి మార్చేయండి. నైట్రైల్ రబ్బరు డీజిల్‌కి తట్టుకుంటుంది గానీ వాసన దానికీ అంటుతుంది. ఇత్తడి, స్టీలు ఫిట్టింగులు విప్పి కడిగి మళ్లీ వాడుకోవచ్చు. గాలి పైపు లోపల కూడా బ్రష్ తిప్పండి.

కొత్త గొట్టాలు కడుగుడంతా అయ్యాకే బిగించండి. ముందే బిగిస్తే మొదటి విడత మురికినీళ్లు వాటిలోంచే పోతాయి, కొన్న డబ్బులు దండగ.

ఇంకొకటి అనుమానించాలి. మీ డీజిల్ ట్యాంకుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య ఒకే గోడ ఉందా? పెద్ద ఓడల్లో ఈ రెంటి మధ్య ఖాళీ అర వదులుతారు, చిన్న బోట్లలో చోటు లేక గోడ పంచుకుంటారు. ఆ గోడలో సన్నటి పగులు ఉంటే మీరు ఎంత కడిగినా డీజిల్ ఊరుతూనే ఉంటుంది, పాపం ఆ కుర్రాడి మీద పడుతుంది. నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి బాగా ఆరబెట్టి, డీజిల్ ట్యాంకు పైదాకా నింపి, ఉమ్మడి గోడకి నీళ్ల వైపు సుద్దముక్క నీళ్లలో కలిపి పూయండి. ఆరిన సుద్ద మీద 24 గంటల్లో తడి మచ్చ వస్తే కారుతున్నట్టే.

సాగరబోటు

చాలా థాంక్స్ అన్నా. గోడ ఉమ్మడిది కాదు, మధ్యలో ఐసు గది ఉంది. గొట్టాలు మార్చాలని తట్టనేలేదు. ఒక డౌటు: ఇంత చాకిరీ బదులు ఈ ట్యాంకు వదిలేసి ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుంటే పోదా? లేదా కార్బన్ ఫిల్టర్ తగిలిస్తే సరిపోదా?

నీళ్లపరీక్ష

ఫిల్టర్ సంగతి లెక్కతో చెబుతాను. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మినరల్ ఆయిల్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మించకూడదు. మీ 1000 లీటర్లకి అది 500 మిల్లీగ్రాములు, అంటే సుమారు 0.6 మిల్లీలీటర్లు. ఇంజెక్షన్ సిరంజిలో అర మిల్లీలీటరు గీత కంటే కాస్త ఎక్కువ. మీ ట్యాంకు లోపలి గోడలన్నీ కలిపి 6 చదరపు మీటర్లు అనుకోండి. వాటి మీద ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొర మిగిలినా 6 మిల్లీలీటర్లు అవుతుంది. అదంతా నీళ్లలోకి వస్తే పరిమితికి పది రెట్లు. కంటికి కనపడని పొర గురించి ఇదంతా. అందుకే మేస్త్రి గారి నీళ్ల చుక్కల పరీక్ష దాటకుండా ముందుకు పోవద్దు.

యాక్టివేటెడ్ కార్బన్ నీళ్లలో కరిగిన కొద్దిపాటి డీజిల్‌ని పట్టగలదు. తేలే జిడ్డు తగిలితే దాని రంధ్రాలు గంటల్లో మూసుకుపోతాయి. కాబట్టి అది చివరి అడుగు: ట్యాంకు శుభ్రమయ్యాక, 20 అంగుళాల కార్బన్ బ్లాక్ పెట్టి, పంపుతో ట్యాంకు నీళ్లనే ఒక రోజంతా నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే కార్బన్‌కి పట్టుకునే సమయం ఉండదు. అయ్యాక ఆ కార్ట్రిడ్జ్ పారేయండి, తాగునీళ్లకి వాడొద్దు. నీళ్లు మరగబెట్టి తాగొచ్చని కూడా అనుకోకండి, డీజిల్‌లో బరువైన భాగం మరిగినా పోదు.

బ్లీచింగ్ క్రిముల కోసం, డీజిల్ కోసం కాదు. జిడ్డంతా పోయాక ఒక్కసారి చేయండి. 1000 లీటర్లకి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 30 శాతం బ్లీచింగ్ పౌడర్ సుమారు 165 గ్రాములు, లేదా 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఒక లీటరు. పౌడర్‌ని బకెట్‌లో కలిపి తేరనిచ్చి పైతేట మాత్రమే పోయండి, అడుగు సున్నం పోస్తే పంపు వాల్వుల్లో ఇరుక్కుంటుంది. ప్రతి కుళాయి దగ్గర క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, 4 గంటలు ఉంచి ఖాళీ చేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. అప్పుడు కార్బన్ కార్ట్రిడ్జ్ తీసి ఉండాలి, లేదంటే క్లోరిన్‌ని అదే తినేస్తుంది.

వాసన పరీక్షకి కడిగినవాళ్ల ముక్కు పనికిరాదు. రోజంతా డీజిల్ పీల్చాక ముక్కు దాన్ని గుర్తించడం మానేస్తుంది. నీళ్లు 24 గంటలు నిల్వ ఉంచి, గాజు సీసాలో సగం పట్టి, మూత బిగించి గంటసేపు ఎండలో పెట్టండి. గట్టిగా కుదిపి, ఆ పనిలో లేని మనిషి చేత మూత తీయించి వాసన చూపించండి. ఇది నెగ్గితే అప్పుడు ల్యాబ్‌కి పంపండి, నెగ్గకపోతే ఫీజు వృథా.

ఫైబర్‌మేస్త్రి

ప్లాస్టిక్ ట్యాంకు ఆలోచన చెడ్డది కాదు, నిజానికి మీకున్న 10 రోజులకి అదే మేలు కావచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: తేడాపాడా జరిగి రేపు ప్లాస్టిక్ ట్యాంకులో డీజిల్ పడితే దాన్ని కడగడమనేది ఉండదు, మార్చడమే. పాలిథిన్ డీజిల్‌ని ఒంట్లోకి పీల్చుకుంటుంది. జెల్‌కోట్ బాగున్న ఫైబర్ అంతగా పీల్చదు. కాబట్టి మీ ట్యాంకు పారేయదగ్గది కాదు.

లోపల జెల్‌కోట్ లేకుండా గాజుపీచు కనపడే చోట్లు ఉంటే మాత్రం కథ వేరు. అక్కడ డీజిల్ పీచు వెంట లోపలికి పాకుతుంది. కడిగి ఆరబెట్టి మూతవేసి ఒక మధ్యాహ్నం ఎండ తగలనిచ్చాక తెరిస్తే గుప్పుమంటుంది. ఆ భాగం గ్రైండ్ చేసి మంచి పీచు తగిలేదాకా తీసేసి మళ్లీ కట్టాలి. డీజిల్ పీల్చిన పీచు మీద నేరుగా కోటింగు వేస్తే వారాల్లో పొక్కులు లేచి ఊడుతుంది. పైన తాగునీటికి పనికొచ్చే సాల్వెంట్ లేని ఎపాక్సీ రెండు కోట్లు వేసి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనివ్వాలి, మామూలుగా వారం. మామూలు పాలిస్టర్ వేస్తే డీజిల్ కంపు పోయి ఆ పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ కంపు పట్టుకుంటుంది.

అంటే మరమ్మతు పడితే 14 లోపు అయ్యే పని కాదు. మొదటి వేటకి 20 లీటర్ల క్యాన్లు ఎక్కించుకోండి: 8 మందికి తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 5 లీటర్లు, 8 రోజులకి 320 లీటర్లు, అంటే 16 క్యాన్లు. వాతావరణం బాగోక ఆలస్యమైతే అని ఇంకో 4.

సాగరబోటు

టార్చి వేసి చూశాం. అడ్డుగోడ అంచున జానెడు మేర పీచు బయటపడి ఉంది. రేపు గ్రైండింగు మొదలుపెడతాం, మొదటి వేటకి క్యాన్లే. ల్యాబ్‌కి నీళ్లు మామూలు వాటర్ బాటిల్‌లో ఇవ్వొచ్చా?

నీళ్లపరీక్ష

వద్దు. ప్లాస్టిక్ బాటిల్ గోడలు ఆయిల్‌ని పట్టేసుకుంటాయి, రిపోర్టు తప్పుగా బాగున్నట్టు వస్తుంది. ల్యాబ్ వాళ్లే ఇచ్చే ముదురు రంగు గాజు సీసా తీసుకోండి. అదే నీళ్లతో సీసాని ముందుగా కడిగి పారబోయొద్దు, ఆయిల్ సీసా గోడకి అంటి లెక్క పెరుగుతుంది. ఒకేసారి పట్టి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మినరల్ ఆయిల్ టెస్టు అని ప్రత్యేకంగా అడగండి, మామూలు తాగునీటి ప్యాకేజీలో ఇది చాలాసార్లు ఉండదు. కుళాయి దగ్గర ఒక శాంపిల్, ట్యాంకులోంచి ఒకటి విడిగా ఇవ్వండి. ట్యాంకుది బాగుండి కుళాయిది బాగోకపోతే ఏదో గొట్టం మార్చడం మర్చిపోయారని అర్థం.

ఇంజన్‌రూమ్

బోటు ఒడ్డున ఉన్నప్పుడే ఆ రెండు మూతల పని కూడా చూడండి. పక్కపక్కన ఒకేలాంటి మూతలుంటే రంగు వేసినా రాత్రిపూట కనపడదు. నీళ్ల మూత సైజు మార్చి, డీజిల్ గన్ దూరనంత సన్నటి పైపు పెట్టండి, వీలైతే బోటుకి అవతలి పక్కకి మార్చండి. అప్పటిదాకా నీళ్ల మూతకి తాళం వేసి, తాళంచెవి బోటు నడిపే సరంగు దగ్గర ఉంచండి.