సీరియల్ నటుడు సినిమా డైరెక్ట్ చేస్తానంటే నమ్ముతారా?

ప్రశ్న:
తొమ్మిదేళ్లుగా సీరియల్స్‌లో చేస్తున్నాను, ఎక్కువగా హీరోయిన్ అన్నయ్య వేషాలు. రెండేళ్లు కూర్చుని ఒక సినిమా కథ రాసుకున్నాను. విన్న నిర్మాత ఒకాయన "కథ బాగుంది, వేరే డైరెక్టర్‌కి ఇచ్చెయ్" అన్నారు. ఇవ్వబుద్ధి కావడం లేదు. అందులో ఉన్నది మా నాన్న. టీవీ నుంచి వెళ్లి నిలబడ్డవాళ్లు ఉన్నారా? ఇన్నేళ్ల అనుభవం అక్కడ పనికొస్తుందా, అడ్డమా?

జవాబు 1:
వేణు ఎల్దండి గారిని చూడండి. జబర్దస్త్‌లో టీమ్ లీడర్. 2023 మార్చిలో ఆయన డైరెక్ట్ చేసిన 'బలగం' సినిమా వచ్చేదాకా మనకు ఆయన కమెడియనే. స్కిట్ లీడర్ అంటే మాటలు సిద్ధం చేసుకోవాలి, ఎవరికేది నప్పుతుందో చూసి పంచాలి, రిహార్సల్ చేయించాలి, తనూ ఆడాలి. అది డైరెక్షన్ పనే కదా! అదే స్టేజీ మీంచి వచ్చిన ధనరాజ్ గారు 2025లో 'రామం రాఘవం' తీశారు. 'అమృతం' సీరియల్ హర్షవర్ధన్ గారు ముందు రైటర్‌గా నిలదొక్కుకుని 2023లో డైరెక్టరయ్యారు.

జవాబు 2:
పనికొస్తుంది, కానీ ఒక అలవాటు వదలాలి. నేను ఐదేళ్లు సీరియల్స్‌లో అసిస్టెంట్‌ని. కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పేవాడిని. నేను "ఏంటి బావా" అంటే ఆర్టిస్ట్ "ఏంటి బావా" అనాలి, మిగతాది డబ్బింగ్‌లో చూసుకుంటారు. తర్వాత ఒక సినిమాకి వెళ్లాను. మొదటి రోజు నటుడు చేతిలో గ్లాసు వైపు చూస్తూ ఆగాడు. మర్చిపోయాడనుకుని డైలాగ్ అందించేశాను. టేక్ పోయింది. ఆయన కావాలనే ఆగాడట.

'బలగం'లో పిండం పెట్టి కాకి కోసం చూసే సీన్ ఉంది కదా. వాలుతుందా లేదా, అంతే టెన్షన్. మన పద్ధతిలో అయితే అందరి మొహాల మీదా వరసగా క్లోజప్పులు వేసి మ్యూజిక్ కొట్టేసేవాళ్లం. భోజనంలో మటన్ నల్లిబొక్క దగ్గర మొదలైన గొడవ అంత దూరం వచ్చిందంటే ఓపిగ్గా నడిపినందువల్లే.

కథ ఎవరికీ ఇవ్వకండి అన్నా. మీ నాన్నగారి సీన్ ఒక్కటి ప్రాంప్టింగ్ లేకుండా, లైవ్ సౌండ్‌తో తీసి ఆ నిర్మాతకే చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ తమ్ముడూ. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, సైకిల్‌కి స్టాండ్ వేసి, లోపలికి రాకుండా కాసేపు అరుగు మీద కూర్చునేవారు. ఆ సీన్‌కి పేజీన్నర డైలాగ్ రాశాను. ఇందాకే మొత్తం కొట్టేశాను. ఆదివారం షూటింగ్ లేదు, కెమెరా ఫ్రెండ్‌ని రమ్మన్నాను. సైకిల్ ఒకటి వెతకాలి.