అల్సరేటివ్ కొలైటిస్‌కి కొత్త మాత్రలు వాడినవాళ్లు ఉన్నారా?

మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాపు, పుండ్లు వచ్చే జబ్బు). సూది ద్వారా ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మొదట్లో బాగానే పనిచేసింది, ఇప్పుడు మళ్లీ మలంలో రక్తం పడుతోంది. డాక్టర్ గారు ఇక మాత్రలు చూద్దామన్నారు: ఉపాడాసిటినిబ్ లేదా ఒజానిమోడ్.

నేను చదివినంతలో మొదటిది ఒంట్లో వాపు సంకేతాలను మోసే జాక్ (JAK) ఎంజైములను అడ్డుకుంటుంది. త్వరగా పనిచేస్తుందట, కానీ సర్పి, రక్తం గడ్డకట్టడం లాంటి ముప్పులున్నాయి. రెండోదానికి ఈ జబ్బు కోసం అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. అది కొన్ని రకాల తెల్ల రక్తకణాలను లింఫ్ గ్రంథుల్లోనే ఆపేస్తుంది. మొదట్లో గుండె వేగం తగ్గొచ్చని మోతాదు మెల్లగా పెంచుతారు. సూది బాధ లేదని వాడు సంబరపడుతున్నాడు, టెన్షన్ అంతా నాకే!

వాడినవాళ్లు చెప్పండి: తేడా ఎన్ని వారాలకు తెలిసింది? సర్పి టీకా ముందే వేయించుకున్నారా? స్టెరాయిడ్లు పూర్తిగా మానగలిగారా?