ఈనాక గేదె మళ్ళీ చూడి కట్టడానికి మీ దగ్గర ఎన్నాళ్ళు పడుతోంది?

ముర్రా_మార్టూరు: ఆరు గ్రేడెడ్ ముర్రాలు (నాటు గేదెలకు ముర్రా జాతి దాటించి తీసిన గేదెలు) ఉన్నాయి. పాలలో వెన్న ఏడు శాతం దాకా వస్తోంది, రేటుకు వంక లేదు. బాధల్లా రెండు గేదెలతోనే. ఈని ఏడు నెలలైనా ఎదకు రావట్లేదు. పాలు తగ్గాయి, దాణా ఖర్చు తగ్గదు కదా.

కరీంనగర్_పాడి: రావట్లేదా అన్నా, మనకు కనపడట్లేదా? ఎండాకాలం బర్రెలకు మూగ ఎదే ఎక్కువ, అంటే ఎదకొచ్చినా బయటికి కనపడది. ఆవుల్లాగ ఒకదాని మీద ఒకటి ఎక్కుడు తక్కువ, అరుపు కూడా అంతంతే. తెల్లారుజామున, రాత్రి పడుకునే ముందు టార్చి వేసి చూడు. పడుకున్న చోట తీగ, అంటే మానం నుంచి కారే జిగురు కనిపిస్తది. మాటిమాటికి కొంచెం కొంచెం మూత్రం పోస్తది, ఆ పూట పాలు సరిగ్గా చేపదు.

పద్దుల_రైతు: ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్టే. మేతా దాణా రోజుకు 150 వేసుకున్నా 3,150 రూపాయలు. ఈతకు 1,500 లీటర్లిచ్చే గేదె మీద లీటరుకు రెండు రూపాయలు పెరిగితే వచ్చేది 3,000. రేటు కోసం డెయిరీ వాళ్ళతో కొట్లాడతాం గానీ, ఈ పద్దు ఎవరూ రాయరు.

గుడివాడ_గేదెలు: అన్నీ మూగ ఎదలే అనుకోకండి. ఉత్త వరిగడ్డి మీద నెట్టుకొస్తే ఎద ఎక్కడి నుంచి వస్తుంది? పచ్చిమేత, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, వేళకు నట్టల మందు ఉండాలి. మా వైపు చెరువులన్నీ రొయ్యలకు పోయాయి. అందుకే ఎండ వేడికి మధ్యాహ్నం మోటారు పైపుతోనే గేదెల్ని తడుపుతున్నాం.

పశువైద్యం_చేస్తుంటా: ఏడు నెలలంటే ఇక ఆగకండి, డాక్టరుతో చెయ్యి పెట్టి గర్భసంచి చూపించండి. ఎద కనిపిస్తే తీగ గమనించండి. గాజులా ఉంటే మంచిదే, చీము కలిస్తే గర్భసంచిలో ఇన్ఫెక్షన్. అలాంటప్పుడు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే డబ్బు దండగ. పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున వేయించండి.

ముర్రా_మార్టూరు: మెడికల్ షాపులో ఎదకు తెచ్చే హార్మోన్ సూది ఇస్తామన్నారండీ, రెంటికీ వేసేద్దామా? వాటిలో ఒకటి మందతో మేతకెళ్తుంది, అందులో దున్నపోతు కూడా ఉంటుంది.

పశువైద్యం_చేస్తుంటా: వద్దండీ! మందతో వెళ్ళేది ఇప్పటికే చూడి కట్టి ఉంటే, కొన్ని హార్మోన్ సూదులకు ఈసుకుపోతుంది, అంటే చూడి పోతుంది. ముందు చూడి పరీక్ష చేయించండి.

ముర్రా_మార్టూరు: సరేనండీ, రేపు డాక్టరుగారిని పిలుస్తున్నా. రెండోదానికి కూడా అప్పుడే చూపిస్తా.