యోనా 3:10: పశ్చాత్తప్తుడా, పశ్చాత్తాపుడా?

ప్రశ్న: బైబిల్లో యోనా గ్రంథం, నీనెవె పట్టణం వారి ఉపవాసం తర్వాతి మాట నోట్లో ఆడుతోంది, పూర్తిగా అందడం లేదు. "వారు చేయుచున్న క్రియలను దేవుడు చూచి పశ్చాత్త...డై". తప్తుడా, తాపుడా? రెండూ వినిపిస్తున్నాయి.

జవాబు 1: తప్తుడే. తప్ ధాతువుకు క్త ప్రత్యయం ("అయినది" అన్న అర్థమిచ్చేది). 4:2లో యోనా మొరలో "పశ్చాత్తాపపడి" అని ఉంది కదా, ఆ దీర్ఘం వెనక్కి పాకి ఇక్కడ చేరిందని నా ఊహ.

జవాబు 2: తాపుడిని అంత తేలిగ్గా తోసెయ్యకండి. పశ్చాత్తాపము గలవాడు అని బహువ్రీహి చెప్పుకోవచ్చు. పద్యంలో పెట్టి చూస్తే ఏది నిలుస్తుందో తెలుస్తుంది.

జవాబు 3: పద్యం తేల్చదండీ. ప, శ్చా, త్త మూడూ గురువులే. తర్వాత ప్తు వస్తోంది గనుక త్త కూడా గురువు. ఆపైన రెండు లఘువులు. త్తా అని దీర్ఘం తీసినా లెక్క అదే. దీర్ఘం సంగతి అలా ఉంచితే, ఆ మాట దేవుడికి ఎలా అతికిందన్నది పెద్ద చిక్కు. హీబ్రూలో "నిహమ్". అదే క్రియ ఆదికాండము 6:6లో "సంతాపము నొంది" అయింది. 1 సమూయేలు 15లో 11వ వచనం దేవుడు పశ్చాత్తాపపడ్డాడంటుంది, 29వది పడడంటుంది. రెండుచోట్లా క్రియ ఒకటే.

జవాబు 1: నీనెవె వారి వైపు కూడా చూడాలి. మత్తయి 12:41లో వాళ్లు "మారుమనస్సు పొందిరి". 27:3లో యేసును అప్పగించిన యూదా "పశ్చాత్తాపపడి" వెండి నాణెములు తిరిగి తెచ్చాడు. గ్రీకులో మెతనోయెయో (మనసు మార్చుకోవడం), మెతమెలొమై (చేసినదానికి చింతించడం) వేర్వేరు క్రియలు. తెలుగు చేసినవారు ఆ తేడా చెరిపెయ్యలేదు, గొప్ప జాగ్రత్త అది.

జవాబు 3: అయితే సెప్టువజింతు (హీబ్రూ బైబిలుకు పాత గ్రీకు అనువాదం) యోనా 3:10లో దేవుడికి వాడింది మెతనోయెయోనే! ఆ లెక్కన అక్కడ మారుమనస్సు పొందింది దేవుడు.

జవాబు 2: తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల్లో పాపి మొర వినండి. సంస్కృత సమాసం ఎంత బరువుగా వచ్చినా పాటలో ఎక్కడా తట్టుకోదు. ఈ "తప్తుడు" ఆయన చేతిలో పడి ఉంటే దీర్ఘం మీద ఇంత తగువే ఉండేది కాదు.

జవాబు 4: 3:4 వదిలేశారు. "నాశనమగును" అన్నచోట మూలం "నెహ్పాఖెత్". తలకిందులగును అనీ అర్థమే, మారిపోవును అనీ అర్థమే. ఆదికాండము 19:25లో సొదొమ కూలడానికీ ఇదే ధాతువు. 1 సమూయేలు 10:6లో సౌలు వేరొక మనిషి కావడానికీ ఇదే. నలువది దినముల గడువు తీరకముందే ఊరు మారింది, అంటే ప్రకటన నెరవేరినట్టే. (సెప్టువజింతులో గడువు మూడే దినాలు.)

జవాబు 3: సొగసైన వ్యాఖ్యానమే, కానీ విన్నవాళ్లకు తోచింది సొదొమే. లేకపోతే పశువులకు కూడా గోనెపట్ట ఎందుకు కడతారు? నన్ను పట్టుకున్న మాట "రాఆ". 3:10లో జనుల చెడు నడతకూ, దేవుడు చేయదలచిన కీడుకూ అదొక్కటే మాట. చెడు, కీడు అని విడిపోయేసరికి తెలుగులో ఆ ముడి కనిపించదు. 4:1లో అదే "రాఆ" యోనాకు తగులుకుంటుంది. మన బైబిల్లో అక్కడ "బహు చింతాక్రాంతుడై".

ప్రశ్న వేసినవారు: 3:9 తీశాను, రాజు నోటా "పశ్చాత్తప్తుడై" అనే ఉంది. పాత ముద్రణల్లో ఎక్కడైనా త్తా కనిపిస్తే పేజీ ఫోటో పెట్టండి.